ఫెర్రెట్ ఈనడం: తల్లి శరీరం పెట్టే గడువులు

యూరప్ అడవుల్లో తిరిగే పోల్‌క్యాట్ అనే చిన్న మాంసాహార జంతువును మనుషులు మచ్చిక చేసుకోగా తయారైన పెంపుడు జీవి ఫెర్రెట్. సన్నటి పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు చూసి ముంగిస అనుకునేవారున్నా, ఇది ముంగిసల కుటుంబానికి చెందినది కాదు. నీటికుక్కలు, వీజెల్‌లు ఉండే మస్టెలిడే కుటుంబానిది. కలుగుల్లో దాక్కున్న కుందేళ్లను బయటికి తరమడానికి యూరప్‌లో దీన్ని సుమారు 2000 ఏళ్లుగా సాకుతున్నారు. బలియారిక్ దీవుల్లో కుందేళ్ల బెడదను వర్ణించిన రోమన్ రచయిత ప్లీనీ, వాటిని పట్టడానికి ఇలాంటి జంతువునే వాడేవారని రాశాడు. బ్రిటన్ పల్లెల్లో ఆ వేట ఇప్పటికీ కొంత మిగిలి ఉంది. అమెరికాలో మాత్రం ఇది ప్రధానంగా ఇంట్లో పెంచుకునే జంతువు. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాలు దీని పెంపకాన్ని నిషేధించాయి కనుక, తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన బే ఏరియాలో దీన్ని ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధం. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి ఆ అడ్డంకి లేదు.

ఈ జంతువును ఈనించడం తేలికని చాలామంది అనుకుంటారు. మగదానితో కలిపితే ఆరు వారాల్లో ఎనిమిది పిల్లలు పుడతాయన్న లెక్క చూడడానికి సులువుగానే ఉంటుంది. నిజానికి ఆడ ఫెర్రెట్ శరీరం ఎదకు వచ్చిన రోజు నుంచి పిల్లలు పాలు మానే దాకా ప్రతి దశకూ ఒక గడువు పెడుతుంది. ఆ గడువులోగా జరగాల్సింది జరగకపోతే అవకాశం వృథా కావడంతో సరిపోదు, తల్లి ప్రాణమో పిల్లల ప్రాణమో పోతుంది. ఆవు ఎద తప్పిపోతే మూడు వారాలకు మళ్లీ ఎదకు వస్తుంది, రైతుకు ఒక విడత నష్టం, అంతే. ఫెర్రెట్ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

కారణం దాని ఎద స్వభావంలోనే ఉంది. ఆడ ఫెర్రెట్ ఎదకు రావడాన్ని పగటి పొడవు నిర్ణయిస్తుంది. చలికాలపు దీర్ఘ రాత్రుల్లో మెదడులోని పీనియల్ గ్రంథి ఎక్కువసేపు మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తూ పునరుత్పత్తి హార్మోన్లను అణచి ఉంచుతుంది; వసంతంలో పగలు సాగేకొద్దీ ఆ అణచివేత సడలి, ఉత్తరార్ధగోళంలో సుమారు మార్చి నుంచి ఆగస్టు దాకా సంతాన రుతువు నడుస్తుంది. మగవి ఇంకా ముందుగానే, డిసెంబర్, జనవరి నాటికే వృషణాలు పెరిగి సిద్ధమవుతాయి. ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు వెలుగుతుంటే జంతువు శరీరం దాన్ని కూడా పగలుగానే లెక్కిస్తుంది, అందువల్ల కాలం కాని కాలంలో ఎద రావచ్చు. వాణిజ్య పెంపక కేంద్రాలు ఇదే సూత్రాన్ని వాడుకుని, దీపాల వేళలను మార్చి ఏడాది పొడవునా ఈతలు తీస్తాయి. లండన్‌లో జూన్ నెలలో పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో 8 గంటలకు పడిపోతుంది. హైదరాబాద్‌లో అత్యధిక పగలు సుమారు 13 గంటలు, అత్యల్పం సుమారు 11 గంటలు. యూరప్ వెలుతురుకు అలవాటుపడిన జంతువుకు మన అక్షాంశాల్లో రుతువుల సంకేతం ఎంత పలచగా అందుతుందో ఈ తేడాను బట్టి ఊహించవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు ఎండ. ఫెర్రెట్‌కు చెమట పట్టించి ఒంటిని చల్లార్చుకునే ఏర్పాటు దాదాపు లేదు, 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ ప్రమాదం మొదలవుతుంది. దాని సంతాన రుతువేమో సరిగ్గా రాయలసీమ, తెలంగాణల్లో ఎండలు 40 దాటే నెలల్లో పడుతుంది. చూడితో ఉన్న ఫెర్రెట్‌ను ఆ ఎండల్లో ఏసీ లేకుండా ఉంచడం దాన్ని చంపుకోవడమే.

ఎదకు వచ్చిన ఆడదాన్ని గుర్తించడం కష్టం కాదు. యోని పెదవులు ఉబ్బి, గులాబీ రంగులో తడిగా, ఇంతకు ముందున్న దానికి ఎన్నో రెట్లు పెద్దవిగా కనిపిస్తాయి. అసలు ప్రశ్న ఆ ఉబ్బు ఎప్పుడు తగ్గుతుందన్నది. అండం దానంతట అదే విడుదల కాదు; మగదానితో కలిసినప్పుడు కలిగే ప్రేరణ వల్లనే, కలిసిన 30 నుంచి 40 గంటల తర్వాత విడుదలవుతుంది. కలయిక జరగకపోతే ఎద వారాలూ నెలలూ సాగుతూనే ఉంటుంది, ఆ కాలమంతా ఈస్ట్రోజెన్ రక్తంలో ఎక్కువ మోతాదులోనే నిలిచిపోతుంది. ఆ హార్మోన్ ఎముకల్లోని మూలుగను దెబ్బతీస్తుంది. ముందు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, తెల్లరక్త కణాలు, తర్వాత ఎర్రరక్త కణాలు తయారుకావడం తగ్గిపోతుంది. ఎద నెల దాటిందంటే ప్రమాదంలో పడినట్టే. చిగుళ్లు పాలిపోవడం, పొట్ట చర్మం కింద ఎర్రటి చుక్కలు, వెనక కాళ్లలో బలహీనత, తోక మొదట్లోనూ పక్కలకూ వెంట్రుకలు రాలడం కనిపించే సరికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్ రక్తంలో ఎర్రకణాల పాలు సుమారు 45 నుంచి 55 శాతం ఉండగా, అది 15 శాతం కంటే తగ్గితే రక్తం ఎక్కించినా బతకడం అనుమానమే. ఫెర్రెట్‌లలో మనుషుల్లో లాంటి రక్త వర్గాల చిక్కు కనిపించదు కాబట్టి ఆరోగ్యవంతమైన మరో ఫెర్రెట్ రక్తాన్ని ఎక్కించగలగడం ఒక్కటే ఈ దశలో కొంత ఊరట.

అందుచేత ఆడ ఫెర్రెట్‌ను సాకే ఎవరికైనా సంతానం వద్దనుకుని ఊరకే వదిలేసే అవకాశం లేదు. గర్భకోశం, అండాశయాలు తీయించే శస్త్రచికిత్స ఒక దారి. ఎదను ఆపే ప్రొలిజెస్టోన్ ఇంజెక్షన్‌ను వసంతారంభంలో ఇప్పించడం బ్రిటన్‌లో ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి. చర్మం కింద అమర్చే డెస్లోరెలిన్ బిళ్ల ఏడాదికి పైగా హార్మోన్లను అణచి ఉంచుతుంది. వీర్యనాళాలు కత్తిరించిన మగదానితో కలపడం మరో పద్ధతి. కలయిక ప్రేరణతో అండం విడుదలై ఎద తగ్గిపోతుంది, గర్భం మాత్రం రాదు. అయితే దాని తర్వాత సుమారు ఆరు వారాలపాటు ఆడది చూడితో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది, గూడు కట్టుకుంటుంది, కొన్నిటికి పాలు కూడా పడతాయి. ఆ గడువు తీరాక రుతువు ఇంకా మిగిలి ఉంటే మళ్లీ ఎదకు వస్తుంది. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోకుండా ఆడ ఫెర్రెట్‌ను కొనడం, ఈనించడం కంటే పెద్ద తప్పు.

ఈనించాలనే నిర్ణయం జరిగితే, జతను ఎంచుకోవడంలో చాలామంది రంగు చూసి మోసపోతారు. ముఖం మీద నుదుటి నుంచి మెడ దాకా తెల్లటి చార ఉన్నవి, తల మొత్తం తెల్లగా ఉండే పాండా రకంవి చూపులకు ముద్దుగా ఉంటాయి, ధరా ఎక్కువే పలుకుతాయి. కానీ ఆ తెలుపును కలిగించే జన్యుమార్పే చెవి లోపలి నిర్మాణాన్నీ దెబ్బతీస్తుంది కనుక వీటిలో అత్యధిక భాగం పుట్టు చెవిటివి. చెవిటి తల్లి పిల్లల కూతను వినలేదు. పెంపకందారు దాని పనితీరును కళ్లతో కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. అందం కోసం చెవిటితనాన్ని తరతరాలకు అంటగట్టడానికి ఏ సమర్థనా లేదు.

ఉబ్బు మొదలైన సుమారు రెండు వారాలకు ఆడదాన్ని మగదాని గూటిలోకి చేరుస్తారు. కలయిక చూడడానికి హింసలాగే ఉంటుంది. మగది ఆడదాని మెడను పళ్లతో పట్టి గూడంతా ఈడుస్తుంది, ఆడది కీచులాడుతుంది, పావుగంట నుంచి మూడు గంటల దాకా ఇది సాగవచ్చు, మెడ మీద పంటి గాట్లు పడతాయి. కొత్తవారు భయపడి విడదీయబోతారు. చర్మం చీలి రక్తం కారుతుంటే తప్ప అలా చేయకూడదు, ఎందుకంటే అండం విడుదలకు కావాల్సిన ప్రేరణ ఈ పెనుగులాటలోనే ఉంది. తర్వాతి రెండు మూడు వారాల్లో ఉబ్బు పూర్తిగా తగ్గిపోతే అండం విడుదలైనట్టు. తగ్గకపోతే మళ్లీ కలపాలి. ఉబ్బు తగ్గినంత మాత్రాన చూడి కట్టినట్టు కాదని గుర్తుంచుకోవాలి, ఉత్తుత్తి గర్భంలోనూ అలాగే తగ్గుతుంది. రెండు వారాలు దాటాక అనుభవమున్న పశువైద్యుడు పొట్ట తడిమి గానీ, స్కాన్ తీసి గానీ తేల్చి చెప్పగలడు.

చూడి కాలం 41, 42 రోజులు. ఇంత చిన్న వ్యవధిలో కిలో కూడా తూగని తల్లి ఎనిమిది పిల్లలను, ఒక్కోసారి పన్నెండుకు పైగా పిల్లలను మోస్తుంది. ఫెర్రెట్ పేగు పొట్టిది, అంధనాళం అసలు లేదు, తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. కనుక అది రోజంతా కొద్దికొద్దిగా తింటూనే ఉండాలి. ఆహారంలో 35 నుంచి 40 శాతం మాంసకృత్తులు, 18 నుంచి 20 శాతం కొవ్వు ఉండాలి, ఆ మాంసకృత్తులు కూడా జంతు సంబంధమైనవై ఉండాలి. మొక్కజొన్న, సోయా కలిపిన చవక కుక్క ఆహారం పెడితే మూత్రం క్షారగుణానికి మారి రాళ్లు కడతాయి, చూడివాటిలో ఈ బెడద మరీ ఎక్కువ. ఇక్కడే మరో గడువు ఉంది. చివరి పది రోజుల్లో, ముఖ్యంగా తొలిచూలులో పెద్ద ఈత ఉన్న తల్లికి ఒక్క రోజు తిండి ఆగినా శరీరం తన కొవ్వును వేగంగా కరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆ కొవ్వంతా కాలేయంలో పేరుకుని గర్భవిషమత అనే స్థితి వస్తుంది. తిండి గిన్నె బోర్లాపడడం, ఉన్నట్టుండి ఆహారం మార్చడం, నీళ్ల సీసా గొట్టం మూసుకుపోవడం లాంటి చిన్న కారణాలే దీనికి చాలు. నిన్న చురుగ్గా ఉన్న జంతువు ఇవాళ మూలన పడి ఉంటుంది, వెంట్రుకలు పట్టుకుంటే ఊడి వస్తాయి, విసర్జన నల్లబడుతుంది. చాలాసార్లు వెంటనే సిజేరియన్ చేసి, ద్రవాలు ఎక్కించి, తర్వాత బలవంతంగా తినిపిస్తే తప్ప తల్లి దక్కదు.

పిల్లలు మరీ తక్కువగా ఉన్నా ప్రమాదమే. కానుపు మొదలవడానికి సంకేతం పిల్లల శరీరాల నుంచే రావాలి. గర్భంలో ఒకటో రెండో మాత్రమే ఉంటే ఆ సంకేతం చాలక నొప్పులు మొదలుకావు. 43వ రోజు దాటేసరికి లోపలి పిల్లలు పెరిగిపోయి బయటికి రాలేక చనిపోతాయి. అందుకే జతకట్టిన తేదీని రాసి పెట్టుకోవడం ఈ పెంపకంలో అన్నిటికంటే విలువైన అలవాటు. ఆ తేదీ తెలియని పెంపకందారుకు ఆలస్యం అయిందో లేదో చెప్పగలవారు ఎవరూ ఉండరు.

కానుపుకు రెండు వారాల ముందే తల్లిని విడిగా, నిశ్శబ్దంగా, మసక వెలుతురు ఉన్న చోట ఉంచి, ఒక పెట్టెను గూడుగా ఇవ్వాలి. పెట్టె గడప తల్లి దాటగలిగేంత తక్కువగా, పిల్లలు దొర్లి బయట పడనంత ఎత్తుగా ఉండాలి. లోపల పరిచేది ఏమిటన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. తువాళ్ల దారపు పోగులు పిల్లల కాళ్లకు, మెడకు చుట్టుకుంటాయి. నున్నటి అడుగు మీద కాళ్లు చెరోవైపు జారి నడక రాకుండా పోతుంది. దుమ్ము తీసిన చెక్క రజను, మెత్తటి గడ్డి, పోగులు లేవని నున్నటి బట్ట అయితే మంచిది. మగదాన్ని ఆ దరిదాపుల్లో ఉంచకూడదు.

కానుపు సాధారణంగా రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. పిల్లలు ఒకదాని వెంట ఒకటి అంత వేగంగా వచ్చినప్పుడు తల్లి ప్రతి బొడ్డుతాడునూ కొరికే లోపే నాలుగైదు తాళ్లు, మాయలు కలిసి పెనవేసుకుపోతాయి. అవి ఎండితే ముడి బిగుసుకుంటుంది, పిల్లలు ఒకదాన్నొకటి లాక్కుంటూ చనుమొన దాకా చేరలేవు, తల్లి వాటిని చుట్టి పడుకోలేదు. తల్లిని తిండితో ఇవతలికి పిలిచి, గోరువెచ్చటి నీటితో ఆ ముద్దను తడిపి, పొట్టకు మరీ దగ్గరగా కాకుండా చిన్న కత్తెరతో తాళ్లను కత్తిరించి, పిల్లలను వెచ్చగా తిరిగి గూట్లో పెట్టాలి. తొలి రోజుల్లో మనిషి చేయి తప్పనిసరిగా అవసరమయ్యే పని దాదాపు ఇదొక్కటే.

అప్పుడే పుట్టిన పిల్ల బరువు 8 నుంచి 10 గ్రాములు ఉంటుంది, అంటే అరచేతిలో పెట్టుకున్నా బరువు తెలియదు. కళ్లూ చెవులూ మూసుకుని, సన్నటి తెల్లటి నూగుతో, లోపలి గులాబీ రంగు కనిపించే చర్మంతో ఉంటుంది. ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు, తల్లి ఒడి నుంచి దూరంగా దొర్లితే చల్లబడి, చల్లబడినది పాలు తాగలేక, పాలు లేక ఇంకా చల్లబడి కొన్ని గంటల్లోనే చనిపోతుంది. మూత్ర విసర్జన కూడా తల్లి నాకి ప్రేరేపిస్తేనే జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఈతను గుర్తుపట్టడానికి గూడు తెరవాల్సిన పని లేదు. నిండుపొట్టతో ఉన్న పిల్లలు కుప్పగా పడుకుని ఎక్కువసేపు నిశ్శబ్దంగా ఉంటాయి, తల్లి లేచినప్పుడు మాత్రం కిచకిచమంటాయి. ఆగకుండా సన్నగా కూస్తుంటే పాలు అందడం లేదనో చలి పెడుతోందనో అర్థం. తల్లి గూడు వదిలి తిండికి వచ్చినప్పుడు లోపలికి ఒక్కసారి తొంగిచూసి, చనిపోయినవి ఉంటే తీసేసి, మిగతావాటి పొట్టలు గుండ్రంగా ఉన్నాయో ముడుతలు పడ్డాయో గమనిస్తే చాలు. తొలి వారంలో పదే పదే చేయి పెట్టడం, అతిథులను పిలిచి చూపించడం, గూడు చోటు మార్చడం వల్ల బెదిరిన తల్లి, ముఖ్యంగా తొలిచూలుది, పిల్లలను చంపి తినేయగలదు. దాన్ని తల్లి క్రూరత్వంగా చూడడం అన్యాయం. గూడు సురక్షితం కాదని దానికి అనిపించేలా చేసింది మనుషులే.

పాలిచ్చే కాలం తల్లికి చూడి కాలం కంటే భారమైనది. పిల్లల బరువు అయిదు రోజుల్లో రెట్టింపు, పది రోజుల్లో మూడింతలు అవుతుంది, ఆ పెరుగుదలంతా ఎనిమిది చనుమొనల గుండానే రావాలి. మూడో వారం నాటికి తల్లి మామూలుగా తినేదానికి రెండు మూడింతలు తింటూ కూడా చిక్కిపోతుంది. అదనపు కొవ్వు, గుడ్డు, మాంసం, గూటి పక్కనే ఎప్పుడూ తాజా నీళ్లు ఉండాలి. కొందరు తల్లులు పిల్లలను వదిలి దూరంగా ఉన్న గిన్నె దగ్గరికి వెళ్లరు. ఈ కాలంలో ఎక్కువ భయపెట్టేది పొదుగువాపు. పిల్లల పంటి గాట్ల ద్వారా సూక్ష్మక్రిములు చేరితే ఒకటి రెండు చన్నులు గట్టిపడి, ఎర్రబడి, గంటల వ్యవధిలో నల్లగా కుళ్లిపోగలవు. అదే పిల్లలను మరో పాలిచ్చే తల్లికి చేర్చితే జబ్బు ఆ తల్లికీ అంటుకోవచ్చు. కనుక చికిత్స తల్లికే కాదు, పిల్లల తరలింపు విషయంలోనూ జాగ్రత్త అవసరం.

మామూలు పరిస్థితుల్లో మాత్రం దత్తత ఈ జంతువుల్లో ఆశ్చర్యమనిపించేంత తేలిక. ఫెర్రెట్ తల్లులు తమ పిల్లల వయసుకు దగ్గరగా ఉన్న పరాయి పిల్లలను పెద్దగా ఆక్షేపించకుండా దగ్గరికి తీసుకుంటాయి. అందుకే అనుభవమున్న పెంపకందారులు ఒక్క ఆడదాన్ని ఎన్నడూ ఒంటరిగా ఈనించరు, రెండింటిని ఒకేసారి కట్టిస్తారు. ఒకటి చనిపోయినా, పాలు పడకపోయినా, పద్నాలుగు పిల్లలు పుట్టినా రెండోది ఆదుకుంటుంది. ఆ ఏర్పాటు లేకుంటే మిగిలేది సీసాపాలు. కొవ్వు 20 శాతానికి చేరేలా మీగడ కలిపిన కుక్కపిల్లల పాలపొడి ద్రావణాన్ని రెండు గంటలకొకసారి, రాత్రింబవళ్లు, చుక్కచుక్కగా పట్టాలి. పది రోజుల వయసు లోపు పిల్లలు అలా బతకడం అరుదు. తొలి గంటల్లో తల్లి ముర్రుపాలు కూడా తాగని పిల్లల విషయంలో ఆశ ఇంకా తక్కువ.

మూడో వారంలో పిల్లల తీరు మారిపోతుంది. కళ్లు ఇంకా తెరుచుకోకముందే పాలపళ్లు వచ్చి, వాసన పట్టుకుని పాకుతూ వెళ్లి తల్లి గిన్నెలో నానిన మాంసాన్ని చీకడం మొదలుపెడతాయి. కళ్లూ చెవులూ తెరుచుకునేది సుమారు 30 నుంచి 35 రోజులకు. అంతకు ముందే ఒక కంటి రెప్ప ఉబ్బెత్తుగా కనిపిస్తే లోపల చీము చేరినట్టు. రెప్పను తెరిపించి శుభ్రం చేయించకపోతే చూపు పోవచ్చు, నొప్పితో పాలు మానేసి పిల్ల నీరసించవచ్చు. రెండు నుంచి ఆరు వారాల మధ్య వచ్చే రోటావైరస్ విరేచనాలు పెద్ద కేంద్రాల్లో ఈతలకు ఈతలనే తుడిచిపెడతాయి. మనుషుల జలుబు విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. మనిషి ఇన్‌ఫ్లుయెంజా ఫెర్రెట్‌కు సోకుతుంది, ఫెర్రెట్ నుంచి మనిషికీ వస్తుంది. 1933లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లైడ్‌లా లండన్‌లో మానవ ఫ్లూ వైరస్‌ను తొలిసారి వేరు చేయగలిగింది ఫెర్రెట్‌ల వల్లనే. పెద్దవాటిలో అది కొన్ని రోజుల తుమ్ములతో పోతుంది గానీ, ముక్కుతోనే గాలి పీల్చుకుంటూ పాలు తాగాల్సిన పసిపిల్లకు ప్రాణాంతకం. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే వారు గూటి గదిలోకి వెళ్లకూడదు.

అన్నిటికన్నా ఘోరమైనది కుక్కల డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు. టీకా లేని ఫెర్రెట్‌కు అది సోకితే బతకడం దాదాపు అసాధ్యం. దీని శక్తి ఏమిటో, ఒక్క తల్లి ఒక్క ఈత విలువ ఎంతో అమెరికాలోని నల్లకాళ్ల ఫెర్రెట్ చరిత్ర కంటే బాగా చెప్పేది లేదు. ఇది పెంపుడు ఫెర్రెట్‌కు దగ్గరి బంధువైన అడవి జంతువు, గడ్డి మైదానాల్లో ప్రెయిరీ డాగ్ అనే కలుగు జంతువులను తిని బతికేది. రైతులు ఆ ప్రెయిరీ డాగ్‌లకు విషం పెట్టి, మైదానాలను దున్నేయడంతో ఇదీ తగ్గిపోయింది. 1971లో దక్షిణ డకోటాలో ఆరింటిని పట్టి మేరీల్యాండ్‌లోని పటక్సెంట్ వన్యప్రాణి పరిశోధన కేంద్రానికి తెచ్చారు. పెంపుడు ఫెర్రెట్‌లకు ఏ హానీ చేయని బలహీనపరిచిన సజీవ వైరస్ టీకాను వీటికి వేయగా, ఆ టీకా వైరస్ వల్లనే నాలుగు చనిపోయాయి. తర్వాత మరికొన్నింటిని తెచ్చి ఈనించడానికి ప్రయత్నించగా, ఒక ఆడది రెండుసార్లు ఈని రెండుసార్లూ అయిదేసి పిల్లలను కన్నది. ప్రతి ఈతలోనూ నాలుగు చనిపోయి పుట్టాయి, బతికి పుట్టినవి కూడా నిలవలేదు. 1979లో ఆ కేంద్రంలో చివరిది చనిపోయాక జాతి అంతరించిందనే అనుకున్నారు.

1981లో వయోమింగ్ రాష్ట్రం మీటీట్సీ దగ్గర ఒక పశుక్షేత్రంలోని కుక్క నల్లకాళ్ల ఫెర్రెట్ ఒకదాన్ని చంపి ఇంటికి తెచ్చింది. దాంతో మిగిలిన గుంపు ఒకటి బయటపడింది. 1985లో ఆ గుంపులో ప్లేగు, డిస్టెంపర్ చొరబడ్డాయి. ఆ ఏడాది తొలుత పట్టిన ఆరింటిలో కొన్ని అప్పటికే జబ్బుతో ఉండడం, అన్నిటినీ ఒకే చోట ఉంచడం వల్ల ఆరూ చనిపోయాయి. చివరికి 1987 ఫిబ్రవరి నాటికి 18 మాత్రమే బంధనంలోకి వచ్చాయి, అడవిలో ఇక ఏదీ మిగలలేదు. వయోమింగ్‌లోని సిబిల్ కాన్యన్ కేంద్రంలో 1987లో తొలి ఈతలు దక్కాయి. మరుసటి ఏడాదే జంతువులను వేర్వేరు కేంద్రాలకు పంచడం వెనుక ఉన్నది 1985 నేర్పిన పాఠమే, ఒక్క జబ్బు అన్నిటినీ తీసుకుపోకూడదని. ఈనాటి నల్లకాళ్ల ఫెర్రెట్‌లన్నీ దాదాపుగా ఆ 18లోని ఏడింటి సంతతే. వెలుతురు నియంత్రణ, ఎద గుర్తింపు, చూడి కాలపు లెక్క, గూటిలో జోక్యం చేసుకోకపోవడం లాంటి మెలకువలను అక్కడి వారు పెంపుడు ఫెర్రెట్‌ల మీద, సైబీరియా పోల్‌క్యాట్‌ల మీద ముందుగా పరీక్షించి చూసుకున్నారు. 1991లో వయోమింగ్‌లోని షిర్లీ బేసిన్‌లో విడుదలలు మొదలయ్యాయి. బోనుల్లో పెరిగిన పిల్లలను నేరుగా మైదానంలో వదిలితే నిలదొక్కుకోలేకపోతుండడంతో, తల్లితోపాటు కలుగులున్న ఆవరణలో ఉంచి, బతికి ఉన్న ప్రెయిరీ డాగ్‌ను వేటాడడం అలవాటు చేశాక వదిలే పద్ధతి వచ్చింది, బతికేవి పెరిగాయి.

ఏడింటి సంతతి కావడం వల్ల వచ్చిన జన్యు ఇరుకును సడలించడానికి, 1988లో భద్రపరిచిన విల్లా అనే ఆడదాని కణాల నుంచి క్లోనింగ్ చేసిన ఎలిజబెత్ ఆన్ 2020 డిసెంబర్ 10న పుట్టింది. దాన్ని కడుపున మోసింది ఒక పెంపుడు ఫెర్రెట్. ఎలిజబెత్ ఆన్‌కు గర్భకోశ సమస్య వచ్చి సంతానం కలగలేదు. అవే కణాల నుంచి 2023లో పుట్టిన ఆంటోనియా 2024లో వర్జీనియాలోని స్మిత్సోనియన్ కేంద్రంలో మూడు పిల్లలను ఈనింది, ఒకటి చనిపోగా రెండు నిలిచాయి. అమెరికాలో అంతరించే దశలో ఉన్న ఒక జాతికి చెందిన క్లోన్ జంతువు పిల్లలను కని పెంచడం అదే తొలిసారి.

ఇంటి పెంపకానికి వస్తే, పిల్లలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పాలు మానతాయి. డిస్టెంపర్ టీకాను సుమారు ఎనిమిదో వారం నుంచి మూడు వారాల ఎడంతో మూడు మోతాదులుగా వేయిస్తారు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ ఏ వారంలో తగ్గుతుందో పిల్లపిల్లకూ వేరు కనుక ఒక్క మోతాదు చాలదు. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేసిన పిల్లలు కరిచే అలవాటును మానుకోలేవు, ఎందుకంటే ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిది అరుస్తుందో నేర్పేది తోబుట్టువులతో ఆడే ఆటలే. అమెరికా పెద్ద కేంద్రాలు ఆరు వారాలకే పిల్లలకు గర్భకోశ, వృషణ శస్త్రచికిత్సలు చేసి దుకాణాలకు పంపడం ఈ రెండు కారణాలకూ విరుద్ధం. అంత పసివయసు శస్త్రచికిత్సకూ పెద్దయ్యాక మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథికి వచ్చే జబ్బుకూ సంబంధం ఉందని పశువైద్యులు గుర్తించడంతో, నెదర్లాండ్స్ లాంటి చోట్ల కత్తికి బదులు డెస్లోరెలిన్ బిళ్ల వైపు మొగ్గు పెరిగింది.

తల్లి సంగతి ఈ సందడిలో మరుగున పడుతుంది. పిల్లలు పాలు మానిన రెండు వారాల్లోపే అది మళ్లీ ఎదకు వస్తుంది. అయిదింటి కంటే తక్కువ పిల్లలున్న తల్లి పాలిస్తూ ఉండగానే, ఈనిన రెండు మూడు వారాలకే రావచ్చు, అప్పుడు పాలు కూడా తగ్గుతాయి. మే నెలలో ఈనినదానికి జూలైలో ఇంకా పగలు పొడవుగానే ఉంటుంది, కనుక రక్తహీనతకు దారితీసే నెలరోజుల లెక్క చిక్కిపోయి ఉన్న శరీరంతో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆ స్థితిలో రెండో ఈత కట్టించడం కంటే, పిల్లలు మాంసానికి అలవాటుపడుతున్న అయిదో వారంలోనే పశువైద్యుడితో మాట్లాడి ఇంజెక్షనో బిళ్లో వేయించే తేదీ నిర్ణయించుకోవడం మేలు. ఆ తేదీని జతకట్టిన తేదీ రాసుకున్న కాగితం మీదే, దాని కింద రాసుకోవాలి.